రియాక్టర్‌కి బొట్టు

మొన్న గురువారం మా ల్యాబులో కేకు కోశామండి. చాక్లెట్ కేకు, మీద తెల్ల క్రీముతో "వెలుతురే ఇంధనం" అని రాయించారు. కోసిన పావుగంటకి నా పరువు గంగలో కలిసింది. మిగిలిన కేకు ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది. ఎవరూ తినరు, నేను కనపడితే మాత్రం ఫ్రిజ్ తలుపు తీసి చూపిస్తారు. సరే, మీరూ నవ్వుతారని తెలిసే చెప్తున్నా. నవ్వుకోండి. కానీ మధ్యలో ఆపి ప్రశ్నలు అడగొద్దు, నాకు చిరాకు.

ముందు అసలు నేనేం చేస్తానో చెప్పాలి. మీలో సగంమందికి "స్వాతి ఏదో సాఫ్ట్‌వేర్" అనే ఉంది. నానక్‌రామ్‌గూడలో ఆఫీసంటే ఇంకేముంటుంది అనుకుంటారు! మా టవర్ నిండా కోడ్ రాసేవాళ్ళే, నిజమే. నాలుగో అంతస్తులో ఒక మూల మాత్రం మాది, చిన్న ల్యాబు. బళ్ళ పొగలో, ఫ్యాక్టరీల పొగలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది కదా. దాన్ని గాజుపాత్రలో నీళ్ళలోకి పంపి, రాగి కలిపిన ఒక పొడి వేసి, మీద గట్టి లైటు కొడితే కొంచెం మెథనాల్ తయారవుతుంది. మెథనాల్ అంటే ఒకరకం స్పిరిట్ లెండి. అగ్గిపుల్ల గీస్తే మండుతుంది. అంటే పొగలోంచి మళ్ళీ ఇంధనం! వినడానికి భలే ఉంది కదా? చెయ్యడానికి మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది. రెండేళ్ళ నుంచి ఆ పొడి మార్చీ మార్చీ చేస్తే నాకొచ్చే మెథనాల్ ఎంతో తెలుసా? గోరు తడవదు! ఒక మెషీన్‌లో పెడితేగానీ ఉన్నట్టు కూడా తెలియదు. మెషీన్ ఒక గీత గీస్తుంది. మెథనాల్ ఉంటే ఆ గీతలో చిన్న గుట్ట లేస్తుంది. రెండేళ్ళుగా నా బతుకు ఆ గుట్ట చుట్టూనే తిరుగుతోంది.

గురువారం సంగతేంటంటే, మా పనిని చూడ్డానికి ఒక ప్రొఫెసర్ గారు వస్తున్నారు. రిటైరయ్యారు, కానీ మా ప్రాజెక్టు మీద చివరి మాట ఆయనదే. మేం పెద్దాయన అంటాం. ఆయన ఊ అంటే మా రియాక్టర్ టెర్రస్ మీదకెక్కుతుంది, అసలు ఎండలో నడుస్తుంది. రియాక్టర్ అంటే భయపడకండి, నేను చెప్పిన గాజుపాత్రే. ఆయన ఊహూ అంటే ప్రాజెక్టు బంద్. నన్ను తీసుకెళ్ళి డాక్యుమెంటేషన్ టీములో కూర్చోబెడతారు. వేరేవాళ్ళ రిపోర్టుల్లో కామాలు దిద్దుకోవాలి. నేను! కామాలు!

మా బాస్ ఫణి ముందురోజే చెప్పాడు. "స్వాతిగారూ, రేపు ఎక్స్‌పెరిమెంట్ ఆయన కళ్ళ ముందే చేద్దాం. గుట్ట లేవాలి. ఎంత లేస్తే అంత మంచిది."

ఏదో నా చేతిలో పనన్నట్టు!

సరే, గురువారం పొద్దున్నే మణికొండలో షేర్ ఆటో ఎక్కా. ఆటో కదిలితే కదా! ఎక్కడో రోడ్డు తవ్వారు, ఎవరో కారు అడ్డం పెట్టారు, మా డ్రైవర్ దిగి వాడితో మాట్లాడుతూ నిలబడ్డాడు. తొమ్మిదింటికి ఉండాల్సినదాన్ని తొమ్మిదీ నలభైకి చేరా. పెద్దాయన పదిన్నరకి వస్తారు. పరిగెత్తుకుంటూ ల్యాబు తలుపు తీశా.

గుప్పుమని అగరొత్తుల వాసన.

చూద్దును కదా, టేబుల్ మీద నా రియాక్టర్‌కి మూడు బొట్లు! ఇంత లావున పసుపు, మధ్యలో కుంకుమ. ముందర ఒక నిమ్మకాయ. పక్కన అరటిపండు, దానికి గుచ్చిన రెండు అగరొత్తులు, పొగ సుడులు తిరుగుతూ. అవి ఎక్కడున్నాయంటే, సరిగ్గా హైడ్రోజన్ సిలిండర్ పక్కన!

"యాదమ్మా!" అని ఒక్క అరుపు అరిచా. మూడో అంతస్తుకి వినబడి ఉంటుంది.

యాదమ్మ మా హౌస్‌కీపింగ్. మహబూబ్‌నగర్ వైపు వాళ్ళు. మా ఫ్లోర్‌లో ఎవరికి జలుబు చేసిందో, ఎవరికి ఇంట్లో గొడవైందో ఆవిడకి తెలియంది లేదు. తాపీగా వచ్చింది.

"ఏందమ్మా, గట్ల మొత్తుకుంటున్నవ్?"

"ఇదేంటి యాదమ్మా, ఇదంతా ఏంటి?"

"పెద్దసారు వస్తుండంట గదా ఇయ్యాల. ఫణి సారు ఫోన్‌ల చెప్తుంటే విన్న. రెండేండ్ల సంది నువ్వు గా గిన్నె ముంగట కూసొని పరేషాన్ అయితున్నవ్. జర బొట్టు పెట్టిన, దిష్టి పోవాలె అని. మంచిగయితది పో."

ఏమంటాం చెప్పండి? తిట్టడానికి తెరిచిన నోరు అలాగే మూసేశా. అగరొత్తులు తీసుకెళ్ళి సింక్‌లో ఆర్పా. అరటిపండు కిటికీలో పెట్టా. ఇక మిగిలింది బొట్లు. మూడూ ఎక్కడ పెట్టిందంటే, లైటు పడాల్సిన గాజు మీదే పెట్టింది. లైటు లోపలికి వెళ్ళడానికి ఉన్నదే ఆ కిటికీ! పైగా ముందురోజు కడిగి ఆరడానికి మూత తీసి పెట్టా, పసుపు లోపలికీ రాలింది.

తడిగుడ్డతో తుడిచా. పసుపు సంగతి మీకు తెలుసు కదా, నీళ్ళకి వదులుతుందా? తుడిచినకొద్దీ గాజంతా పచ్చగా అలుక్కుపోయింది. టైము చూస్తే పది దాటింది. అప్పుడు షెల్ఫ్‌లో తెల్ల ప్లాస్టిక్ బాటిల్ కనిపించింది, నొక్కితే సన్నగా చిమ్మేది. ఆహా, దీంతో అయితే పసుపు ఒక్క క్షణంలో కరుగుతుంది, గిన్నె కూడా రెండు నిమిషాల్లో ఆరుతుంది! నా పీహెచ్‌డీ ఐదేళ్ళూ గాజుసామాన్లు దీంతోనే కడిగా. చిమ్మా. తుడిచా. లోపల పోసి గిరగిరా తిప్పి పారబోశా. ఎంత శుభ్రంగా వచ్చిందనుకున్నారు! పసుపు గుర్తు కూడా లేదు. నన్ను నేనే మెచ్చుకున్నానండి, భుజం ఒక్కటే తట్టుకోలేదు.

ఆ బాటిల్‌లో ఏముందో కాసేపాగి చెప్తా.

గిన్నెలో నీళ్ళు పోసి, నా రాగి పొడి వేసి, గ్యాసు పైపు పెట్టా. ఇంతలో ఫణి తలుపులోంచి తల పెట్టి, "స్వాతిగారూ, పాంట్రీలో టీ మెషీన్ పనిచెయ్యట్లేదు. పెద్దాయన చక్కెర లేని బ్లాక్ టీ తప్ప ఏమీ తాగరు. ఏదన్నా చూడండి ప్లీజ్!" అని మాయమయ్యాడు. టీ కూడా నేనే చూడాలి! సరే, రిసెప్షన్‌లో కెటిల్ ఉంటే తెచ్చి, నీళ్ళు కాగబెట్టి, యాదమ్మని కప్పులు కడిగి తెమ్మన్నా. ఇదంతా పది నిమిషాల పని.

పదిన్నరకి పెద్దాయన వచ్చారు. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో రెండు పెన్నులు. కూర్చుని టీ తాగుతూ అంతా అడిగారు. పొడిలో రాగి ఎందుకు, ఎంత, వేరే లోహం వేస్తే ఏమైంది. నేను గడగడా చెప్పా. నాకేం, రెండేళ్ళు నమిలిన పాఠం. తర్వాత రియాక్టర్‌ని అల్యూమినియం పెట్టెలో పెట్టి తలుపు వేశా. ఆ లైటు కళ్ళకి మంచిది కాదు, అందుకని పెట్టెలోనే నడుపుతాం. బయట రెండు స్విచ్‌లు ఉంటాయి, ఒకటి ఫ్యాన్‌కి, ఒకటి లైటుకి. రెండూ నొక్కా. గుర్ర్‌మని ఫ్యాను మొదలైంది. పెద్దాయన తల ఊపారు. నేను మనసులోనే ఒక దండం పెట్టుకున్నా. అబద్ధమెందుకు, యాదమ్మ నిమ్మకాయ వైపు తిరిగే పెట్టుకున్నా.

రెండు గంటలయ్యాక సిరంజితో పెట్టె పక్కనున్న ట్యూబులోంచి కొంచెం నీళ్ళు లాగి మెషీన్‌లో పెట్టా. ముగ్గురం స్క్రీన్ ముందు నిలబడ్డాం. గీత నడుస్తోంది... నడుస్తోంది... మెథనాల్ రావాల్సిన చోటు దగ్గరపడింది. అప్పుడు లేచిందండీ గుట్ట! గుట్టా అది? కొండ! స్క్రీన్ పైఅంచు దాటి బయటికి వెళ్ళిపోయింది, స్కేలు మార్చి చూడాల్సొచ్చింది. రెండేళ్ళలో నాకొచ్చిన గుట్టలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినా దాని మోకాలికి రావు.

ఫణి "యెస్!" అని ఎగిరాడు. నేను ఏడ్చేశానండి, నిజంగా. కళ్ళ నీళ్ళు కారుతుంటే నవ్వుతున్నా. ఫణి అప్పటికే ఫోనులో ఆఫీసు గ్రూపులో పెట్టేశాడు. కిందనుంచి కేకు కూడా వచ్చేసింది! ముందే ఆర్డర్ పెట్టాడట, అంత నమ్మకం మనిషికి. పక్క టీమువాళ్ళు వచ్చారు, చప్పట్లు కొట్టారు, నాతోనే కేకు కోయించారు. యాదమ్మ తలుపు దగ్గర నిలబడి "నేను చెప్పలే?" అన్నట్టు నావైపు చూసింది. నేను వెళ్ళి ఆవిడ నోట్లో కేకు ముక్క పెట్టా.

పెద్దాయన మాత్రం కేకు ముట్టుకోలేదు. స్క్రీన్ చూస్తారు, ముక్కు గోక్కుంటారు, మళ్ళీ స్క్రీన్ చూస్తారు. పక్కటీము వాళ్ళు వెళ్ళాక మెల్లిగా లేచి పెట్టె దగ్గరికి వెళ్ళారు.

"నీ లైటు ఒకసారి చూస్తానమ్మా."

"కళ్ళద్దాలు పెట్టుకోండి సార్!" అన్నా నేను, ఎంతో బాధ్యతగా.

ఆయన నల్లద్దాలు పెట్టుకుని తలుపు తీశారు. వంగి చూశారు. అద్దాలు తీసేసి చూశారు.

"లైటేదమ్మా?"

వెళ్ళి చూశా. పెట్టెలో చీకటి. ఫ్యాన్ మాత్రం శ్రద్ధగా తిరుగుతోంది. స్విచ్ చూస్తే ఆన్‌లోనే ఉంది. టేబుల్ వెనక్కి ఒంగి చూశా. లైటు ప్లగ్గు నేల మీద పడుంది. అది ఉండాల్సిన చోట ఇంకో వైరు ఉంది.

అర్థమైందా? రెండు గంటలూ లైటే వెలగలేదు! వెలుతురుతో ఇంధనం చేసే మెషీన్ చీకట్లో కూర్చుని రికార్డు కొట్టింది!

ఫణి మొహం చూడాలి మీరు. ఎర్రగా అయిపోయి, "ఎవరు పీకారండీ ఈ ప్లగ్గు? హౌస్‌కీపింగ్ వాళ్ళేనా? ఆ ఏజెన్సీకి ఇప్పుడే ఫోన్ చేస్తా" అన్నాడు. నేను... చెప్పాలంటే సిగ్గుగా ఉంది. పొద్దున్న పసుపు మీదున్న కోపం ఇంకా లోపల ఉన్నట్టుంది. "అయ్యుండొచ్చు ఫణీ, పొద్దున్న టేబుల్ అంతా కదిపింది" అనేశా.

యాదమ్మ అక్కడే ఖాళీ కప్పులు సర్దుతోంది. ట్రే పక్కన పెట్టింది.

"నేను ప్లగ్గుల జోలికి పోనమ్మా. షాక్ కొడితే దవాఖానకు ఎవరు తీస్కపోతరు? నువ్వే గదా, పెద్దసారుకు చాయ్ అని గీ వైరు పీకి కేతిలి పెట్టినవ్. నన్ను కప్పులు కడ్గమన్నవ్. యాదికి లేదా?"

అందరం ఆ వైరు వెంట చూశాం. వైరు చివర, టేబుల్ కింద, రిసెప్షన్ కెటిల్ బుద్ధిగా కూర్చుని ఉంది.

నాలుక్కరుచుకున్నా. భూమి తెరుచుకుంటే దూరిపోదామనిపించింది, కానీ నాలుగో అంతస్తు కదా, దూరితే మూడో అంతస్తు సాఫ్ట్‌వేర్ వాళ్ళ మీద పడతా. "సారీ యాదమ్మా" అన్నా. "పోనీలే అమ్మా, ఫికర్ జెయ్యకు" అంది ఆవిడ. అలా అనకుండా నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

పెద్దాయన ఇదేమీ పట్టనట్టు మళ్ళీ స్క్రీన్ ముందు కూర్చున్నారు.

"సరే, లైటు లేదు. మరి ఇంత మెథనాల్ ఎక్కడిదమ్మా?"

అప్పుడు నా చూపు చెత్తబుట్ట మీద పడింది. నిండా పచ్చపచ్చటి టిష్యూలు. తర్వాత షెల్ఫ్ మీద పడింది. తెల్ల ప్లాస్టిక్ బాటిల్, సగం ఖాళీ. దాని మీద ఇంత లావు అక్షరాలతో, నా చేతిరాతతోనే, ఏం రాసుందో చెప్పనా?

మెథనాల్.

మెథనాల్ పుడుతుందా లేదా అని రెండేళ్ళు కాపలా కాసిన గిన్నెని, ఆ గిన్నెనేనండీ, మెథనాల్‌తో కడిగా! మా ల్యాబు గోడమీద రూల్ కూడా ఉంది, "రియాక్టర్‌ని నీళ్ళతో మాత్రమే కడగవలెను" అని. ఆ రూల్ పెట్టించిందీ నేనే. ఇంకొకళ్ళు కడిగి ఉంటే వాళ్ళని బతకనిచ్చేదాన్నా?

ఒక్క క్షణం అనిపించింది, చెప్పకుండా ఉంటే? "ఏమో సార్, మళ్ళీ చేసి చూద్దాం" అంటే పోయేది. కానీ యాదమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఇప్పుడే ఆవిడ మీదకి ఒకటి తోసి భంగపడ్డా. ఇంకోటా? కళ్ళు మూసుకుని చెప్పేశా. బొట్టు, పసుపు, టైము, బాటిల్, అన్నీ.

ఫణి కుర్చీలో కూలబడ్డాడు. ఫోను తీసి, గ్రూపులో పెట్టిన మెసేజ్ డిలీట్ చెయ్యడానికి చూశాడు. అప్పటికే నలభైమంది థంబ్స్ అప్ కొట్టారట. నేను మాత్రం మనసులో కామాలు దిద్దుకుంటున్నా.

కుర్రుమని ఒక చప్పుడైంది. చూస్తే పెద్దాయన. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, తర్వాత చూస్తే కళ్ళు తుడుచుకుంటున్నారు. నవ్వు! ఆగట్లేదు ఆయనకి!

"చాలా ఏళ్ళుగా చూస్తున్నానమ్మా. పెద్ద గుట్ట చూపించి, ఎక్కడిదంటే చెప్పలేనివాళ్ళని చాలామందిని చూశా. గిన్నెకి అంటిన మురికిలోంచి వచ్చిందాన్ని గాలిలోంచి వచ్చిందని మురిసిపోయేవాళ్ళనీ చూశా. పసుపు దగ్గర్నుంచి లెక్క చెప్పినదానివి నువ్వొక్కదానివే!" అన్నారు. "పో, నీళ్ళతో కడిగి, ఓవెన్‌లో పెట్టి కాల్చి, మళ్ళీ చెయ్యి. నేను కూర్చుంటా."

కూర్చున్నారండి! ఓవెన్‌లో గిన్నె కాలి చల్లారేదాకా, మళ్ళీ రెండు గంటలు నడిచేదాకా కూర్చున్నారు. కిటికీలో అరటిపండు చూసి, "ఇది ఎవరిది?" అని అడిగి, యాదమ్మ "దేవునిది సార్, తినుండ్రి" అంటే అగరొత్తి గుచ్చిన చోటు వదిలేసి తిన్నారు. ఈసారి లైటు వెలుగుతోందా లేదా అని నేను మూడుసార్లు, ఫణి నాలుగుసార్లు చూశాం. కెటిల్‌ని ఫణి స్వయంగా రిసెప్షన్‌లో అప్పగించి వచ్చాడు.

సాయంత్రం నాలుగున్నరకి గీత మళ్ళీ నడిచింది. మెథనాల్ చోటు వచ్చింది. లేచింది... ఎంత? చీమ తలకాయంత. పొద్దున్న కొండ చూసిన కళ్ళకి అసలు ఆనలేదు. ఫణి "అంతేనా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

పెద్దాయన మాత్రం ముక్కు స్క్రీన్‌కి ఆనేంత దగ్గరికి వెళ్ళారు. "ఇదీ! ఇది నాకు నచ్చింది" అన్నారు. "రేపు ఇదే కడిగిన గిన్నెతో, కావాలనే లైటు ఆపేసి ఇంకోసారి చెయ్యి. ఆ గీత చదునుగా వస్తే ఇది వెలుతురు చేసిందేనని తేలుతుంది, టెర్రస్ నీది." లేచి చెప్పులేసుకుంటూ ఫణితో అన్నారు, "ఈ అమ్మాయిని ఎండలోకి పంపడమే మంచిదయ్యా. సూర్యుడికి ప్లగ్గు ఉండదు. పీకుదామన్నా పీకలేదు."

శుక్రవారం లైటు ఆపి చేశా. గీత బల్లపరుపుగా, మా ఫణి నెత్తిలా నున్నగా వచ్చింది! పెద్దాయనకి పంపితే ఒక్క ముక్క జవాబు: "ఎక్కండి."

ఎక్కామండి! శనివారమే టెర్రస్ మీద బల్ల వేసి, రియాక్టర్‌ని పెద్ద గాజుపెట్టెలో బిగించి, పావురాలు పాడుచేస్తాయని మందపాటి వెండిరంగు పట్టా కప్పి, తాళ్ళతో నేనే కట్టా. నిన్న సోమవారం పొద్దున్న పదికి మొదటి రన్. మాడు పగిలే ఎండ! పట్టా అంచు కిందనుంచి చెయ్యి పెట్టి గ్యాసు వాల్వ్ తిప్పి, గబగబా వచ్చి లిఫ్ట్ రూమ్ నీడలో నిలబడ్డా. పన్నెండుకి శాంపిల్ తీసి కిందకి తెచ్చి మెషీన్‌లో పెట్టా. గీత నడిచింది. నడిచింది. చివరిదాకా నడిచి ఆగిపోయింది. గుట్ట లేదు, చీమ తలకాయ కూడా లేదు!

ఫణీ నేనూ మళ్ళీ పైకి పరిగెత్తాం. గ్యాసు చూశాం, పైపులు చూశాం, పొడి పాడైందేమో అని వాదించుకున్నాం. ఎండ ఇంత మండుతోంది, ఇంకేం కావాలి దీనికి? నేను ఫణి మీద అరుస్తున్నా, ఫణి నామీద అరుస్తున్నాడు. అప్పుడు యాదమ్మ తడి మాప్‌లు ఆరేసుకోడానికి పైకొచ్చింది. మమ్మల్ని చూసింది, బల్లని చూసింది, మాప్ గోడకి ఆనించింది.

"అమ్మా, ఎండ కావాలె అన్నరు గదా. మరి గా దుప్పటి తియ్యలేదేంది?"

వెండిరంగు పట్టా. శనివారం నేను కట్టిన ముడులు, వేసినవి వేసినట్టే ఉన్నాయి.

ఫణి నావైపు ఒక్కసారి చూసి, ఫోను తీసి, నా ఎదురుగానే పెద్దాయనకి కలిపాడు.

"సార్, మీరు పొరబడ్డారు సార్. పీకేసింది."